ఏడో గాటు

మా బంధువుల పిల్లల్లో ఇద్దరు ముగ్గురు మందుల దుకాణాలు పెట్టుకున్నారు. పండగకో పబ్బానికో వచ్చి నా పక్కన కూర్చుని, "మీ కాలంలో కాంపౌండరంటే ఏం పని చేసేటోడు తాతా?" అని అడుగుతుంటారు. "కాగితం కత్తిరించేటోడు" అంటాను. ముసలాయన పరాచికాలాడుతున్నాడని నవ్వుతారు. నిజానికి నా ఉద్యోగంలో నన్ను ముంచబోయినదీ, ఒడ్డుకు చేర్చినదీ కూడా ఒక కాగితపు ముక్కే. ఇప్పుడు రేకులో మెరిసే మాత్రలను టకటక కత్తిరించి ఇచ్చే మీకు ఆ ముచ్చట చెప్పాలనిపించింది.

అవి లడాయి రోజులు, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. వరంగల్ చౌరస్తాకు కాస్త ఇవతల ఒక డాక్టరు గారి దవాఖానలో నేను కాంపౌండరుని. ముందు గదిలో రోగులు కూర్చునే బల్ల, దానికి ఎదురుగా నా కౌంటరు, నా వెనక ఒక పచ్చ తెర, తెర వెనక డాక్టరు. ఆయన చిట్టీ రాసి పంపితే నేను మందు కలిపేవాణ్ణి. సీసా మాత్రం రోగే తెచ్చుకోవాలి. నూనె సీసా తెచ్చేవాళ్ళు, అత్తరు సీసా తెచ్చేవాళ్ళు, ముక్కు మూసుకుని కడగాల్సిన సీసాలు కూడా తెచ్చేవాళ్ళు. కడిగి, మందు పోసి, బిరడా పెట్టి, సీసా పొడవునా ఒక కాగితపు పట్టీ అంటించేవాణ్ణి. ఆ పట్టీకి కత్తెరతో గాట్లు పెట్టేవాళ్ళం. మందు ఒక్కో గాటు కిందికి దిగితే ఒక పూట మోతాదు. చదువు రానివాళ్ళకు కూడా తెలియాలని చేసిన ఏర్పాటు అది. తెలుస్తుందనే మేము అనుకున్నాం.

మాది కిరాణా దుకాణం. అన్నలు గల్లా మీద కూర్చున్నారు కాబట్టి నాకు అక్కడ జాగా లేదు. బాపు నన్ను దవాఖానలో పెట్టింది నా తెలివి చూసి అనుకునేరు. దుకాణంలో నా నోరు చూసి పెట్టాడు. నేను బేరానికి దిగితే గెలవకుండా వదిలేవాణ్ణి కాదు. గెలిచేసరికి గిరాకీ పక్క దుకాణంలో ఉండేవాడు.

డాక్టరు హైదరాబాదులో చదువుకున్న మనిషి. హస్తవాసి మంచిదని పేరు. కానీ నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చింది వేరే గుణం. ఆయనా బేరగాడే. వంకాయల గంప దింపిన ఆమెతో దవాఖాన మెట్ల మీద నిలబడి, లోపల రోగులు మూలుగుతున్నా సరే, రెండు వంకాయలు కొసరు పడేదాకా కదిలేవాడు కాదు. అడిగిన ధరకు ఆయన ఏదైనా కొనగా చూసినవాళ్ళు బజారులో లేరు.

ఆయన రాసే మందుల్లో పెద్దగా రకాలుండేవి కావు. కడుపుకు ఎర్రది, దగ్గుకు గోధుమరంగుది, చలిజ్వరానికి, అంటే మలేరియాకు, చేదుది. రకాలు తక్కువైనా రోగుల బేరాలు తక్కువ కాదు. "మా తోడికోడలికి ఎర్రది ఇస్తివి, నాకు తెల్లది ఇస్తివి, నేనేం పాపం జేసిన?" అని ఒకామె కౌంటరు దగ్గర బైఠాయించేది. తెర వెనక నుంచి "జర రంగు వెయ్యవయ్యా" అని డాక్టరు గొంతు వినిపించేది. రంగు వేసేవాణ్ణి. ఆమెకు తగ్గేది కూడా.

ఇంకో అలవాటు ఉండేది ఆయనకు. ఎవరొచ్చినా నాడి పట్టుకుంటూ ముందు అడిగే మాట, "ఇంట్లో ఎంతమంది?" ఒక్క కప్పు కింద ఎందరు పడుకుంటారో తెలిస్తే రోగం ఎంత దూరం పాకుతుందో అంచనా కట్టవచ్చని. జవాబు విని తల ఊపి చిట్టీ రాసేవాడు. చలిజ్వరానికి ఎవరికైనా రోజుకు మూడు పూటల చొప్పున రెండు రోజుల మందు, ఆరు గాట్లు. అది అయిపోతే మళ్ళీ రమ్మనేవాడు.

ఆ ఏడు వానలు ఆగిన దగ్గర్నుంచి చలిజ్వరాలు పట్టుకున్నాయి. ఆ చేదు మందులో కలిపే క్వినైన్ దొరకడం కష్టమైంది. ఆ చెట్టు బెరడు వచ్చే దీవులు జపానువాళ్ళ చేతిలోకి పోయాయని చెప్పుకునేవాళ్ళు. దొరికిన కాస్త పొడినీ డాక్టరు ఒక డబ్బాలో పోసి, బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నాకిచ్చాడు. ఆ చెవిని మొలతాడుకు కట్టుకుని నేను తిరిగిన తిరుగుడు చూస్తే, వరంగల్ కోట నా పేరున రాశారనుకుంటారు.

కొత్తవాడ నుంచి జంపఖానాలు నేసే ఒక సాలాయన వచ్చేవాడు. వణుకుతూ వచ్చి, మందు తీసుకుని పోయి, నాలుగు రోజులు బాగుండి, మళ్ళీ వణుకుతూ వచ్చేవాడు. డాక్టరు మందు ఘాటు పెంచాడు. మళ్ళీ వచ్చాడు. ఇంకా పెంచాడు.

"మందు మొత్తం అయిపోయిందా?"

"అయిపోయింది డాక్టర్ సాబ్. చుక్క మిగల్లేదు."

"చెవుల్లో గింగుర్లు వస్తున్నాయా?"

"లేదు సాబ్."

అక్కడ డాక్టరు ముఖం మారింది. క్వినైన్ సరిగా పడితే చెవులు గింగురుమనాలి. అంత ఘాటు మందుకు కూడా మోగడం లేదంటే ఆ సీసాలో క్వినైన్ లేదని అర్థం. నేను కలిపిన మందును ఆయన నాలుక మీద వేసుకున్నాడు. చేదుగానే ఉంది. అయితే చేదుగా ఉండేవి లోకంలో ఇంకా చాలా ఉన్నాయి.

"మీ దుకాణంలో నేలవేము అమ్ముతారు కదూ?" అన్నాడు నెమ్మదిగా.

అమ్ముతాం. కట్టలు కట్టి అమ్ముతాం. నీళ్ళలో వేసి మరిగిస్తే క్వినైనును మించిన చేదు. బజారులో క్వినైనుకు ఎంత గిరాకీ ఉందో కూడా అందరికీ తెలుసు. కోమటి కొడుకు, చేతిలో బీరువా తాళంచెవి, ఇంట్లో నేలవేము. నేను డాక్టరు స్థానంలో ఉన్నా నన్నే అనుమానించేవాణ్ణి. ఆయన చెయ్యి చాపాడు. మొలతాడు నుంచి చెవి విప్పి ఇచ్చాను. 

అంతటితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం ఆయన మా దుకాణానికి పోయి, నలుగురు గిరాకీల ముందు నేలవేము కట్ట ఒకటి తీసి వాసన చూసి, ఏమీ అనకుండా అక్కడే పెట్టి వెళ్ళిపోయాడట. బజారుకు అంత చాలు. నేను ఇంటికి పోయేసరికి బాపు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"తీసినవా?" అన్నాడు.

"లేదు బాపూ."

పక్కన కూర్చోమని జరిగాడు. తర్వాత అన్నాడు: "మన దుకాణంల సరుకు తక్కువొస్తే నేను ముందుగాల తక్కెడ సూస్త. తూకం గుండ్లు సూస్త. ఆఖరుకు మనిషిని సూస్త. మీ డాక్టరు ముందుగాలనే మనిషిని సూసిండు."

"మానేసి వస్తనే."

"ఇప్పుడు మానేస్తే తీసినవనే అంటరు. పోయి అక్కడనే నిలబడు."

నిలబడ్డాను. క్వినైన్ మందు ఇక డాక్టరే స్వయంగా కలిపేవాడు. నాకు మిగిలినవి సీసాలు కడగడం, కాగితాలు కత్తిరించడం. ఆయన చేత్తో కలిపిన సీసా తీసుకుపోయిన సాలాయన కూడా మళ్ళీ వణుకుతూ వచ్చాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. డాక్టరు చూపు మాత్రం మారలేదు. సీసాలో కాకపోతే డబ్బాలోనే మార్చి ఉంటాడన్నమాట ఆ చూపులో ఉంది. రెండు రోజుల తర్వాత ఒక చిన్న కొత్త డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. హైదరాబాదులో తెలిసినవాళ్ళను పట్టుకుని తెప్పించిన క్వినైన్ అది.

"దీనితో అతని జ్వరం దిగితే, పాత డబ్బాలో ఏముందో నాకు తెలిసిపోయినట్టే. అప్పుడు నువ్వు ఇంటికి పోవచ్చు" అన్నాడు.

ఆలోచించి చూడండి. ఒక మనిషికి జ్వరం తగ్గితే నా బతుకు బజారున పడుతుంది. తగ్గకపోతే వాడు మంచం మీద పడతాడు. ఇటు దేనికి దండం పెట్టుకోవాలో తెలియక నేను ఆ వారం దేవుణ్ణి ఏమీ అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక బేరం మొదలుపెట్టకుండా ఊరుకున్నది అప్పుడే.

కొత్త డబ్బా మందు తీసుకుపోవడానికి సాలాయన రాలేదు. లేవలేకపోయాడు. వాళ్ళమ్మ వచ్చింది. ఎండిపోయిన మనిషి, గొంతు మాత్రం మగ్గం చప్పుడు మీద పలకడానికి అలవాటుపడ్డ గొంతు. డాక్టరు మందు కలిపి, సీసా నా ముందు పెట్టి, తెర వెనక్కి పోయాడు. నేను పట్టీ తీసి గాట్లు కోయడం మొదలుపెట్టాను. అవ్వ కౌంటరు మీదికి వంగి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది.

"కొడుకా, ఇంకొక్క గాటు గొయ్యరాదు?"

కొసరు! నా లోపలి దుకాణదారు ఉలిక్కిపడి లేచాడు. "డాక్టర్ సాబ్ ఆరే రాసిండు అవ్వా. ఎక్కువ మందు పొయ్యరాదు."

"మందెవ్వలడిగిండ్రు? మందు గంతే ఉండనీ. గాటొక్కటి ఎక్కువ గొయ్యి."

"గాటు కోస్తే మందు పొయ్యాలె గద."

"ఎందుకు పొయ్యాలె? నీ కాగితం, నీ కత్తెర. నీ సొమ్మేం పోతాంది?"

తూకంలో ఎక్కువ అడిగినవాళ్ళను చూశాను, కొలతలో ఎక్కువ అడిగినవాళ్ళను చూశాను. సరుకు అక్కర్లేదు, గీత ఒకటి ఎక్కువ గీయమన్న గిరాకీని మాత్రం ఎన్నడూ చూడలేదు. అయినా ఓడిపోవడం ఇష్టం లేక చెప్పాను: "గాటు ఎక్కువైతే ఒక్కొక్క మోతాదు చిన్నగైతది అవ్వా."

"ఐతే ఏమాయె? మంది పెరిగితే వాటా చిన్నగ గాదా? మడికొండ నుంచి బిడ్డ అచ్చింది. దాని నోట్ల మన్ను గొట్టుమంటవా?"

కత్తెర నా చేతిలో ఆగిపోయింది. వెనక కుర్చీ జరిగిన చప్పుడు. తెర పక్కకు తొలిగింది.

"ఏ మంది?" అన్నాడు డాక్టరు.

అవ్వ తడబడలేదు. "మా ఇంట్ల మంది సాబ్. మా ముసలాయన, కొడుకు, కోడలు, ఇద్దరు మనుమండ్లు, నేను. ఆర్గురం. నువ్వే అడిగితివి గదా, ఇంట్ల ఎంతమందని. ఆర్గురమంటిమి. ఆరు గాట్లు వెట్టిచ్చినవ్. ఎంత ధర్మం గల్ల డాక్టరని మా వాడకట్టంత చెప్పుకుంటాన్రు. ఇప్పుడు బిడ్డ అచ్చింది, ఏడ్గురమైతిమి. మందు ఎక్కువియ్యమంటలేను. మాకు తెల్సు, లడాయి నడుస్తాంది, దొర్కుత లేదు."

డాక్టరు రోగుల బల్ల మీద కూర్చున్నాడు. అక్కడ ఆయన కూర్చోగా నేను చూడటం అదే మొదలు. మెల్లగా విషయమంతా బయటికి వచ్చింది. సీసా ఇంటికి పోగానే ఆరుగురూ గుండ్రంగా కూర్చుని గాటుకొకరు తాగేసేవారు. చుక్క మిగలలేదని సాలాయన చెప్పింది నిజమే. తన వంతు తాను తాగాడు. వాడలో మిగతా ఇళ్ళలోనూ అదే పద్ధతి. నలుగురే ఉన్న ఇంట్లో మిగిలిన రెండు గాట్లు పక్కింటివాళ్ళకు పోయేవట.

డాక్టరుకు ముందు కోపం వచ్చింది. "ఒక్కడికిచ్చిన మందు అందరికీ పోస్తావా?"

"కుండల బువ్వ ఒక్కనికి వెట్టి కడమోళ్ళను సూసుకుంట కూసోమంటవా సాబ్?"

 చాలా రోజుల తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. నువ్వు చెప్పు అన్నట్టు. నేను ముందుకొచ్చాను. నోరున్నవాణ్ణి కదా.

"అవ్వా, మీరొక జంపఖానా నేస్తిరనుకో. ఏడుగురు గిరాకీలొస్తే తలా జానెడు కోసిస్తరా?"

"జంపఖాన కోస్తే ఖరాబైతది. బువ్వ పంచితే ఖరాబైతదా? దుకాణపోని కొడుకువు, బట్టకు బువ్వకు ఫరక్ దెల్వదా నీకు?"

బల్ల మీద కూర్చున్న రోగులు పకపకా నవ్వారు. నేను మళ్ళీ కత్తెర పట్టుకున్నాను.

అప్పుడు డాక్టరు లేచి, ఆమె ఎదురుగా నిలబడి, మొదటిసారి రోగితో కాక మనిషితో మాట్లాడినట్టు చెప్పాడు. "అవ్వా, ఈ జ్వరం కొద్ది మందుకు చావదు. పడుకుంటుంది. నాలుగు రోజులు నిద్రపోయి మళ్ళీ లేస్తుంది. ఒక్క మనిషి మొత్తం తాగితేనే ఆ ఒక్క మనిషిలో చస్తుంది."

అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గీ ముచ్చట మొదలే చెప్పద్దా మరి?" అంది.

అందరికీ పూర్తిగా ఇచ్చేంత మందు కొత్త డబ్బాలో లేదు. ఎవరికి ముందు అన్నది తేలాలి. కొడుక్కి ముందు అన్నాడు డాక్టరు. మనుమండ్ల సంగతేంది అంది అవ్వ. ఆ పిల్లలను నేను చూడలేదు కదా అన్నాడు. "అచ్చి సూడు. ఏడ్గురి మీద చెయ్యి వెట్టి సూసి చెప్పు. అప్పుడు నీ మాట ఇంటం" అంది. బేరం ముగిసింది. డాక్టరు కోటు వేసుకుని ఆమె వెనక బయలుదేరాడు. సంచీ పట్టుకుని నేను ఆయన వెనక.

ఆ ఇంట్లో సగం గది గుంట మగ్గానిదే. ఆ గుంటలో చెమ్మ, చీకటి, దోమలు. కాళ్ళు అందులో పెట్టుకునే పొద్దంతా నేయాలి. డాక్టరు వంగి గుంట అడుగున చెయ్యి పెట్టి తడి చూశాడు. తర్వాత ఒక్కొక్కరినే పడుకోబెట్టి ఎడమ డొక్క నొక్కి చూశాడు; చలిజ్వరం ముదిరితే అక్కడ గట్టిగా ఉబ్బుతుంది. కొడుకు, చిన్న మనుమడు, ఈ ఇద్దరికీ జ్వరం పాతుకుపోయింది. మిగతావాళ్ళు ఆగగలరు. మడికొండ బిడ్డకు అసలేమీ లేదు. అవ్వ మాత్రం పడుకోనంది. "నన్నిడిసిపెట్టు సాబ్, నాకేమైంది?" అని గోడకు ఆనుకుని కూర్చుంది. పట్టుబట్టి పడుకోబెడితే, అందరికన్నా గట్టిగా, అందరికన్నా పెద్దగా ఉబ్బిన డొక్క ఆమెదే. తన గాటు మందు మొదటి రోజు నుంచీ చిన్న మనుమడికే పోసేదని కోడలు అప్పుడు చెప్పింది.

"నాకు ఆఖరుకు" అంది అవ్వ.

డాక్టరు మట్టి నేల మీద కూర్చున్నాడు. వంకాయల గంప దగ్గర నిలబడినప్పటి మొండితనమంతా ఆ ముఖంలోకి వచ్చింది. ఆమె ఒకటంటే ఆయన ఒకటన్నాడు. తిట్టాడు, బతిమాలాడు, నువ్వు తాగేదాకా ఇక్కడే కూర్చుంటానన్నాడు. చివరకు అవ్వ ముఖం చిట్లిస్తూ ఆయన ఎదుటే గిన్నెలో మందు తాగింది. అది ఆయన గెలిచిన బేరాల్లోకెల్లా పెద్దదని నా అభిప్రాయం. ఆ ఇంట్లో అందరి జ్వరాలూ వదిలేసరికి చలికాలం సగం గడిచింది.

ఆనాటి నుంచి మా దవాఖాన తీరు మారింది. చలిజ్వరం మందు మొదటి గుటక కౌంటరు దగ్గరే, మా ఎదుటే తాగాలి. "ఇంట్లో ఎంతమంది?" అన్న మాట డాక్టరు మానలేదు గానీ, దాని వెంటే "ఇది తాగేది ఎవరు?" అని అడిగేవాడు. పట్టీ అంటించేటప్పుడు, ఇన్ని గాట్లూ నీ ఒక్కనికే అని నేను చెప్పి, మళ్ళీ వాళ్ళ నోటితో చెప్పించేవాణ్ణి. అంతకుముందు జ్వరం దిగకపోతే ఘాటు పెంచడమొకటే మాకు తెలిసిన దారి. అలా పెంచిన ఘాటును ఎవరైనా ఒక్కడే తాగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మేము చేస్తున్న పొరపాటు నుంచి వాళ్ళ పొరపాటే వాళ్ళను కాపాడింది. ఎదుటివాడు మందు తీసుకుపోయాక ఏం చేస్తాడో అడగకుండా, డబ్బాను, మనిషిని అనుమానించడం చాలా సులువు. మీరూ జాగ్రత్త.

కొత్తవాడ నుంచి తిరిగి వచ్చేటప్పుడు దారంతా డాక్టరు నాతో ఏమైనా అంటాడని చూశాను. అనలేదు. మర్నాడు పొద్దున వచ్చేసరికి తాళంచెవి నా కౌంటరు మేకుకు వేలాడుతూ ఉంది. అంతే. తప్పు నాదేననో, మనసులో పెట్టుకోకనో ఒక్క మాట అంటే ఈయన నోరు అరిగిపోతుందా అని నాకు లోపల మండింది. చెవి మొలతాడుకు కట్టుకున్నాను గానీ, వెనకటి తిరుగుడు తిరగలేదు.

సాయంత్రం ఇంటికి పోతే బాపు మెట్టు మీదే ఉన్నాడు. ముఖం మాత్రం వేరుగా ఉంది.

"మీ డాక్టరు అచ్చిండు దుకాణానికి."

 "మళ్ళ ఏం వాసన చూసిండు?"

"బెల్లం కొన్నడు."

"కొంటే?"

"ధర అడగలే. చెప్పిన ధరకు కొన్నడు. దుకాణం నిండ గిరాకీలున్నరు. అందరు సూసిండ్రు."

 ఆ మనిషి బేరమాడకుండా కొన్నాడంటే ఏమిటో బజారులో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"మరి నువ్వేమన్నవే బాపూ?" అన్నాను.

బాపు కండువా దులిపి భుజాన వేసుకుంటూ లేచాడు. "ఏమంట? ఆయన అడగకున్నా ఒక పెద్ద గడ్డ కొసరేసి పంపిన."